స్నోమొబైల్: ఈ సీజన్ అంతా ఆపడం నేర్చుకోవడానికే

స్నోమొబైల్, అంటే మంచు మీద నడిచే మోటారు బండి, నేర్చుకుంటున్నానని చెప్పగానే ఎవరైనా ముందు అడిగేది ఎంత స్పీడ్ వెళ్తావనే. నేను ఈ సీజన్‌ని ఆపడం నేర్చుకోవడానికే కేటాయించాను. రెండు వందల కిలోలు దాటే బండిని మంచు మీద ఎప్పుడు, ఎక్కడ, ఎలా ఆపాలో చేతులకు అలవాటైతే మిగతాది మెల్లగా వస్తుందని నా నమ్మకం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు పనికొస్తుందని ఇప్పటిదాకా చేసింది రాస్తున్నాను.

డిసెంబర్

మొదట్లో చెట్లు, కంచెలు లేని చదునైన మైదానంలోనే నడిపాను. వేగం పెంచే థ్రాటిల్ లివర్ కుడిచేతి బొటనవేలి కింద, బ్రేక్ ఎడమచేతికి. చూడ్డానికి తేలికే. కానీ కంగారుపడ్డ మనిషి ముందు చేసేది హ్యాండిల్‌ని బిగించి పట్టుకోవడం. ఆ బిగింపులో బొటనవేలు కూడా నొక్కుకుంటే, ఆగాల్సిన బండి ముందుకు దూకుతుంది. అందుకే ఒకే కసరత్తు పదే పదే చేశాను: నెమ్మదిగా వెళ్తుండగా మిత్రుడు చెయ్యి ఎత్తగానే ముందు బొటనవేలు తీసేయడం, తర్వాత బ్రేక్ పట్టడం. ఈ వరస ఆలోచించకుండా వచ్చేదాకా వేగం పెంచలేదు.

టెథర్ తాడు ఒక కొస బండికి, ఇంకో కొస జాకెట్‌కి ఉన్న గట్టి రింగుకి. మనిషి పడిపోతే తాడు ఊడి ఇంజిన్ ఆగిపోతుంది. అది లేకపోతే బండి మనల్ని వదిలేసి ఎదుటివాళ్ల మీదకి పోవచ్చు. మైదానంలో చిన్న చక్కర్లకి కూడా తగిలించుకోవాల్సిందే.

బయల్దేరేముందు చూసుకునేవాటిలో నేను ఎప్పుడూ వదలనిది థ్రాటిల్. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడే లివర్ నొక్కి వదిలితే టక్కున వెనక్కి రావాలి. కేబుల్‌లో తేమ గడ్డకట్టినా, లివర్ దగ్గర మంచు ఇరుక్కున్నా రాదు, అప్పుడు స్టార్ట్ చేయకూడదు. తర్వాత బ్రేక్ బిగువు, హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిరుగుతోందో లేదో, లైట్లు. స్టార్ట్ చేశాక ఇంజిన్ ఆపే కిల్ స్విచ్ ఒకసారి నొక్కి చూడాలి. ట్రాక్‌లో, అంటే బండి కింద తిరుగుతూ దాన్ని తోసే రబ్బరు పట్టాలో, గడ్డకట్టిన మంచు వదిలించడానికి బండి వెనక భాగం ఎత్తి తిప్పుతుంటే వెనకాల ఎవరూ నిలబడకూడదు, రాళ్లూ ఐస్ ముక్కలూ ఎగిరొస్తాయి. మూసిన షెడ్‌లో ఇంజిన్ నడపకూడదు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

జనవరి

ఈ నెలంతా బ్రేక్ దూరాలు. మంచులో కర్రలు పాతి, ఒకే వేగంతో వచ్చి ఒకే చోట బ్రేక్ పట్టి, ఎక్కడ ఆగానో చూసుకున్నాను. స్నోమొబైల్ బ్రేక్ ట్రాక్‌నే పట్టుకుంటుంది, ముందు మంచు మీద జారే స్కీ పలకలకు బ్రేక్ లేదు. మెత్తటి మంచులో బండి తొందరగా ఆగుతుంది. నున్నటి ఐస్ మీద బ్రేక్ గట్టిగా పట్టేస్తే ట్రాక్ బిగిసి, వెనక భాగం పక్కకి తిరుగుతుంది. అక్కడ చాలా ముందు నుంచే, కొద్ది కొద్దిగా పట్టాలి.

రాత్రి సంగతి నన్ను బాగా ఆలోచనలో పడేసింది. గంటకు 65 కిలోమీటర్లంటే సెకనుకు 18 మీటర్లు. అడ్డంకిని చూసి చెయ్యి కదిలేలోపు ఒకటిన్నర సెకను పోతుందనుకుంటే, బ్రేక్ పడకముందే 27 మీటర్లు దాటిపోయాం. హెడ్‌లైట్ వెలుగు 60 మీటర్ల దాకానే ఉంటే ఆపడానికి మిగిలేది 33 మీటర్లు. అదీ కింద ఐస్ లేకపోతే. మంచులో సగం కూరుకుపోయిన మొద్దు, తీగ కంచె అంత దూరంలో కనిపించవు కూడా. కాబట్టి చీకటి పడ్డాక వెలుగు పడే మేరలోనే ఆగగలిగే వేగం, అంతకుమించి వద్దు.

చలి కూడా బ్రేక్ మీద ప్రభావం చూపిస్తుంది. మైనస్ 10 డిగ్రీల్లో గంటకు 60 కి.మీ. వేగంతో వెళ్తే ఒంటికి తగిలే చలి మైనస్ 23 అంతగా ఉంటుంది. వేళ్లు మొద్దుబారితే లివర్ ఎంత నొక్కుతున్నామో తెలియదు. ఒంటికి అంటుకునే బట్ట కాటన్ కాకుండా ఊలు గానీ సింథటిక్ గానీ వేసుకోండి.

ఫిబ్రవరి

గడ్డకట్టిన సరస్సులు. నాకు ఎక్కువ టెన్షన్ ఇక్కడే, ఉండాలి కూడా. తేటగా కనిపించే కొత్త ఐస్ 10 సెంటీమీటర్లుంటే మనిషి నడవచ్చు. స్నోమొబైల్‌కి 13 నుంచి 18 కావాలి. తెల్లటి ఐస్‌కి బలం సగమే, అందుకని మందం రెట్టింపు చూసుకోవాలి. ఒక చోట రంధ్రం వేసి కొలిస్తే సరస్సంతా కొలిచినట్టు కాదు. వాగు కలిసే చోట, నీళ్లు బయటికి పోయే చోట, వంతెనల కింద, ఇరుకు పాయల్లో ప్రవాహం ఐస్‌ని కింద నుంచి తినేస్తుంది. పైన మంచు మందంగా పేరుకుంటే అది దుప్పటిలా కప్పి, ఐస్ గట్టిపడనివ్వదు.

గట్టు పక్క దారి ఉంటే మా బృందం అదే పడుతుంది. తప్పక ఐస్ మీదికి వెళ్తే బండ్ల మధ్య బాగా ఎడం ఉంచుతాం, గుంపుగా ఆగం. ఒంటి మీద తేలే సూట్, మెడలో ఐస్ పిక్‌లు, అంటే ఐస్‌లో గుచ్చి పట్టుకునే మొనలున్న పిడులు. నీళ్లలో పడితే మొదటి నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికే. తర్వాత కాళ్లూ చేతులూ మాట వినేది దాదాపు పది నిమిషాలు. స్పృహ తప్పడానికి సుమారు గంట పడుతుంది. వచ్చిన వైపుకే తిరగాలి, ఎందుకంటే మనల్ని అప్పటిదాకా మోసిన ఐస్ అదే. పిక్‌లు గుచ్చి, కాళ్లు కొడుతూ పైకి జారి, లేచి నిలబడకుండా దొర్లుకుంటూ దూరం పోవాలి. సాయం చేసేవాళ్లు అంచుకి రాకుండా తాడు విసరాలి.

బృందంలో చేతి సైగలు అందరికీ ఒకేలా తెలియాలి. ఎడమ చెయ్యి నిటారుగా పైకెత్తితే ఆగమని. మలుపు దాటగానే, దిబ్బ వెనకాల ఆగకూడదు, దారి వారగా, వెనకవాళ్లకు కనిపించే చోటే ఆగాలి. మద్యం విషయంలో మా దగ్గర బేరాల్లేవు: ఆ రోజుకి బండ్లు కట్టేశాకే.

ఇక ముందు

కొండల్లోకి ఇంకా వెళ్లలేదు. మంచుచరియలు ఎక్కువగా విరిగిపడేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో. అక్కడ వాలు మీదకి ఒక్కో బండే వెళ్లాలి, మిగతావాళ్లు చరియ వచ్చిపడే దారికి పక్కగా ఆగి చూడాలి. ఒకరు ఇరుక్కుపోయారని ఇంకొకరు పైకి ఎక్కకూడదు. కూరుకుపోయిన మనిషిని పది, పదిహేను నిమిషాల్లో తీయలేకపోతే బతికే అవకాశం బాగా పడిపోతుంది. అందుకని బీకన్ (కూరుకుపోయినవాళ్లను సిగ్నల్‌తో వెతికే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి చూసే పొడవాటి కడ్డీ), పార ప్రతి ఒక్కరి ఒంటి మీదో వీపు సంచిలోనో ఉండాలి, బండికి కట్టేస్తే లాభం లేదు. బీకన్ కొన్నాను. గ్లవ్స్ వేసుకునే దాన్ని వెతికే మోడ్‌లోకి మార్చడం, ఫోన్‌ని దానికి కనీసం 50 సెంటీమీటర్ల దూరంలో ఉంచి ఇంకో బీకన్ పెట్టి మంచులో పాతిన సంచిని వెతకడం సాధన చేస్తున్నాను. మంచుచరియల భద్రత కోర్సులో పేరిచ్చాను. అది పూర్తయ్యేదాకా నా బండి చదును దారుల్లోనే.