బండి చక్రాలకి మళ్లీ మెరుపు
వానలు పోయాక చూస్తే అల్లాయ్ వీల్స్ మీద లాకర్ అనే గాజులాంటి పూత కింద తెల్లగా పురుగు పాకినట్టు గీతలు, ఎంత కడిగినా పోవు, ఎందుకంటే అది మురికి కాదు, పూత పగిలిన చోట తేమ దూరి అల్యూమినియంని తినేస్తోంది. వాషింగ్ సెంటర్ అబ్బాయి యాసిడ్ కొడదాం అన్నా అన్నాడు, వద్దురా నాయనా అని దండం పెట్టేశా, అది కొడితే మెటల్ ఇంకా మసకబారుతుంది. సికింద్రాబాద్ రాణిగంజ్ పోయి పెయింట్ రిమూవర్, వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) తెచ్చుకున్నా. బ్రేక్ డిస్క్ మీద పడకుండా కవర్ చుట్టి రిమూవర్ రాస్తే పాత లాకర్ ఉబ్బి పొరలు పొరలుగా ఊడొస్తుంది చూడండి, అబ్బ, భలే తృప్తి! తర్వాత నీళ్లు పోస్తూ 400, 800, 1200, 2000 నంబర్ పేపర్లు వరసగా (నంబర్ పెరిగేకొద్దీ నునుపు), ముందు పేపర్ గీతలు పూర్తిగా పోయేదాకా తర్వాతది ముట్టుకోకూడదు, స్పోక్ మూలల్లో మాత్రం వేళ్లే దిక్కు. పాలిష్ రుద్దేకొద్దీ గుడ్డ నల్లబడుతుంటే అమ్మేమో ఇంకా మురికుంది సరిగ్గా కడగరా అంటది, అది అల్యూమినియమే అమ్మా అంటే నమ్మదు. బాలానగర్‌లో పౌడర్ కోటింగ్ (రంగు పొడి చల్లి వేడికి కరిగించి అతికించడం) చేయించొచ్చు కానీ టైర్లు, బేరింగులు అన్నీ విప్పాలి, ఓవెన్‌లో పెడతారు కదా, పైగా ఈ అద్దంలాంటి మెరుపు రంగు కింద దాచేయడం నాకైతే ఇష్టం లేదు. పైన రంగులేని క్లియర్ కోట్ కొట్టకపోతే మళ్లీ మసకబారుద్ది, ఆదివారం ఎండ కాస్తే ఆ పని, ఎవరిదగ్గరన్నా స్ప్రే గన్ ఉంటే చెప్పండి.