రిపోర్టు ముందు చిన్నికే చెప్పారు

మా అమ్మాయి చిన్నికి చదువులో ఇబ్బంది ఎందుకో తెలుసుకోడానికి చేయించిన టెస్టుల రిపోర్టు ఈరోజు వచ్చింది. ఒంటిపూట సెలవు పెట్టి, పిల్లని బడి నుంచి మధ్యాహ్నమే తీసుకొచ్చేసి, ఇద్దరం మెట్రోలో తార్నాకలో టెస్టులు చేసిన మేడమ్ దగ్గరికి వెళ్లాం. దారంతా అది ఒక్క మాట మాట్లాడలేదు. అడిగితే ‘ఊ’ అంటుంది, అంతే.

7వ తరగతి. నోటితో అడిగితే కాకతీయుల గురించి గడగడా చెప్పేస్తుంది. అదే పరీక్షలో రాయమంటే సగం పేపరు ఖాళీ. తెలుగు నోటుబుక్కులో ఒత్తులు ఎగిరిపోతాయి, ‘అమ్మమ్మ’ కాస్తా ‘అమమ’ అయి కూర్చుంటుంది. బోర్డు మీదిది ఎక్కించుకునేలోపు తుడిచేస్తారు. బడిలో బద్ధకం అన్నారు, ట్యూషన్‌లో శ్రద్ధ లేదన్నారు. కళ్లూ చెవులూ చూపిస్తే ఏ లోపమూ లేదని తేలింది. అప్పుడు పిల్లల డాక్టరుగారు ఈ మేడమ్ దగ్గరికి పంపారు. ఆవిడ క్లినికల్ సైకాలజిస్టు, అంటే తెలివి, శ్రద్ధ, నేర్చుకునే తీరు లాంటివి టెస్టులు పెట్టి చూసే నిపుణురాలు.

ఆ మేడమ్ నెమ్మది నాకు మొదటి రోజే నచ్చింది. టెస్టుల జోలికి పోకుండా ముందు నన్ను కూర్చోబెట్టి కాన్పు దగ్గర్నుంచి అడిగారు. పుట్టగానే ఏడ్చిందా, నడక ఎప్పుడొచ్చింది, మాటలెప్పుడు, ఫిట్స్ వచ్చాయా, తలకి దెబ్బేమైనా తగిలిందా అని. 2వ తరగతి నుంచి దాచిన నోటుబుక్కులన్నీ తెమ్మన్నారు. టెస్టులు ఒక్క రోజులో ముగించలేదు. పిల్ల అలిసిపోతే కాగితం మీద పడేది అలసటే కానీ తెలివి కాదన్నారు. రాత్రి కంటినిండా నిద్ర, పొద్దున కడుపునిండా టిఫిను, ఒళ్లు వెచ్చగా ఉంటే ఆ రోజుకి మానేయడం... ఇవి ఆవిడ పెట్టిన షరతులు. “లెక్కలు మనసులో ఏ భాషలో చేసుకుంటావు?” అని చిన్నిని అడిగితే “ఎక్కాలు ఇంగ్లీషులో, మిగతావి తెలుగులో” అంది. ఆవిడ ఆ జవాబు కూడా రాసుకున్నారు.

లోపలికి మమ్మల్ని రానివ్వలేదు. చిన్ని చెప్పిందే నాకు తెలుసు. బొమ్మ చూసి అలాగే దిమ్మలు పేర్చడం, అంకెలు విని వెనక్కి చెప్పడం, రంగు పేరు ఒకటి అచ్చేసిన రంగు ఇంకొకటి ఉంటే సిరా రంగే చెప్పడం. ఇంట్లో ఇవి ప్రాక్టీసు చేయించొద్దని మేడమ్ గట్టిగా చెప్పారు. ముందే నేర్పించి తీసుకొస్తే ఆ ఫలితానికి అర్థం ఉండదు మరి.

చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న: ఐక్యూ, అదే తెలివిని కొలిచే అంకె, ఎంత? ఈరోజు మేడమ్ ఆ మొత్తం అంకె మీద వేలు పెట్టి, దీన్ని పట్టించుకోకండి అన్నారు. ఆ ఈడు పిల్లల సగటు 100 అనుకుంటే, 85కీ 115కీ మధ్యే మూడింట రెండొంతుల మంది ఉంటారట. మా పిల్లకి మాటల అవగాహనలో 121, చూసింది చకచకా కాగితం మీద పెట్టే వేగంలో 79. ఇంత తేడా ఉన్నప్పుడు రెంటినీ కలిపి ఒక్క అంకె చేస్తే ఆ అంకెలో ఈ పిల్ల ఎక్కడా కనపడదు. శ్రద్ధ టెస్టుల్లో మాత్రం తోటి పిల్లల్లాగే చేసింది. ఆ ఒక్క వాక్యం నేను మళ్లీ మళ్లీ చదువుకున్నాను.

ఇంతకీ ఏ పిల్లలతో పోల్చారని అడిగాను. అడగాల్సిన ప్రశ్నేనన్నారు మేడమ్. వెక్స్లర్ అనే సైకాలజిస్టు 1949లో అమెరికాలో తెచ్చిన పిల్లల తెలివి పరీక్షని మాలిన్ అనే ఆయన నాగపూర్‌లో మన పిల్లలకి తగ్గట్టు మార్చారు. అది ఇంకా చాలాచోట్ల వాడుతున్నారు గానీ, ఆ పోలిక ఎప్పటి పిల్లలతోనో. అందుకని ఈవిడ, ఈమధ్య మన దేశపు పిల్లలకే పెట్టి చూసి సగటులు కట్టిన పరీక్ష తీసుకున్నారు. చదవడం, రాయడం చూడటానికి బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ల పరీక్ష వాడారు.

చిన్నికి ఏమీ చెప్పొద్దని అత్తయ్య నిన్న రాత్రి కూడా అన్నారు. పిల్ల మనసు విరిగిపోతుందని ఆవిడ భయం. మా ఆయనదీ అదే మాట. నాకు మాత్రం మొదటి నుంచీ ఒకటే అనిపించేది: టెస్టులు రాసింది అది, ఫలితమూ దానిదే. మేడమ్ అయితే నాకన్నా ముందు దానితోనే మాట్లాడారు.

“విన్నది నీకు బాగా గుర్తుంటుంది. రాయడానికి మాత్రం నీకు ఎక్కువ టైము కావాలి. దాన్ని రాతకి సంబంధించిన లెర్నింగ్ డిజెబిలిటీ అంటారు.”

“అయితే నేను మొద్దుని కానా మేడమ్?”

“ఈ కాగితాల్లో ఆ మాట ఎక్కడా లేదు. కావాలంటే చూసుకో.”

అది నిజంగానే రిపోర్టు లాక్కుని, వేలు పెట్టుకుంటూ ఒక్కో పేజీ తిప్పింది. మేడమ్ తొందరపెట్టలేదు. ఆఖరి పేజీ దాకా చూసి, “తగ్గిపోతుందా?” అంది. పూర్తిగా పోయేది కాదు, నేర్పించే పద్ధతి మారిస్తే చాలా మెరుగవుతుంది అని దాచకుండా చెప్పారు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో ఈ లెర్నింగ్ డిజెబిలిటీ కూడా ఉంది. ప్రభుత్వ సర్టిఫికెట్ తెచ్చుకుంటే పరీక్షల్లో గంటకి 20 నిమిషాలు అదనంగా ఇస్తారు, అవసరమైతే రాసిపెట్టే మనిషినీ ఇస్తారు. ఇది దయ కాదు, హక్కు. ప్రైవేటులో ఈ టెస్టుల ఫీజు అందరూ భరించలేరు. మా పనిమనిషి కొడుకుదీ ఇలాంటి ఇబ్బందే అంటోంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉందని, ముందు అక్కడ అడుగుదామని చెప్పాను. సెలవు దొరికితే నేనే వెంట వెళ్తాను.

రాత్రి క్లాస్ టీచరుగారికి ఉత్తరం రాయడానికి కూర్చున్నాం. అదనపు టైము, ఒత్తులకి మార్కులు కోయకపోవడం, కొన్ని జవాబులు నోటితో చెప్పనివ్వడం అని రాశాను. చిన్ని పక్కన నిలబడి అంతా చదివించుకుని, ఇంకొకటి రాయమంది: బోర్డు తుడిచే ముందు ఫోటో తీసి అమ్మకి పంపించాలి. నాలుగోదిగా చేర్చాను. కాదు, అదే మొదట ఉండాలంది. మళ్లీ రాశాను.