రెజ్యూమేల కట్ట (కావలి, మంగళవారం)

బల్ల మీద మా కాలేజీ ఫైనలియర్ పిల్లల రెజ్యూమేలు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం. బీటెక్ వాళ్లవి కొన్నే, బీసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్ వాళ్లవే ఎక్కువ. దాదాపు అన్నిట్లో అదే వరస: సి, జావా, పైథాన్, హెచ్‌టీఎంఎల్. కాగితం మీద ఉన్న ప్రతి పేరునూ ఇంటర్వ్యూలో తవ్వుతారు. రానిదాన్ని రాసుకోవడం దేనికో!

మధ్యాహ్నం ఉదయగిరి వైపు కుర్రాడొకడు వచ్చి, "సార్, పైథాన్ నేర్చుకోమంటారా, జావానా?" అన్నాడు. "ఏ ఉద్యోగానికిరా?" అంటే తెల్లమొహం వేశాడు. అందరిదీ ఇదే తంతు. ఉద్యోగం తేలకుండా కోర్సుకు ఫీజు కట్టేస్తారు.

టెస్టింగ్‌కైతే టెస్ట్ కేసులు రాయడం, బగ్‌ను (ప్రోగ్రాంలో తప్పును) ఎదుటివాడు మళ్లీ రప్పించగలిగేలా వివరించడం ముందు రావాలి. పరీక్షలను దానంతటదే నడిపే సెలీనియం సాఫ్ట్‌వేర్ ఆ తర్వాత. సపోర్టుకైతే లైనక్స్ కమాండ్లు, ఐపీ, డీఎన్‌ఎస్ లాంటి నెట్‌వర్క్ సంగతులు, ఫోన్లో తడబడని ఇంగ్లీషు, రాత్రి షిఫ్టుకు ఒళ్లు వంచడం. డేటా వైపు వెళ్లాలంటే ఎక్సెల్‌లో పివట్ టేబుల్, అంకెలను చార్టులుగా చూపే పవర్ బీఐ. డెవలపర్ కావాలంటే ఒక్క భాషను గట్టిగా పట్టుకుని, డేటా స్ట్రక్చర్స్, కోడ్‌లో మార్పుల లెక్క ఉంచే గిట్ నేర్చుకోవాలి. సపోర్టు అంటే మనవాళ్లకు చిన్నచూపు. సర్వర్లు, లాగ్‌లు చూసే సపోర్టు నుంచి రెండు మూడేళ్లలో క్లౌడ్ పనికి దారి ఉంది. పాస్‌వర్డులు మార్చడం దగ్గరే ఆగిపోతే మాత్రం అక్కడే మిగిలిపోతారు.

ఈ నాలుగు దారుల్లోనూ అక్కరకొచ్చేది ఎస్‌క్యూఎల్, డేటాబేస్ టేబుళ్లను అడిగే భాష. నెలపాటు రోజూ గంట కూర్చుంటే పని జరిగేంత వస్తుంది. పిల్లలు బోల్తాపడే చోట్లు కూడా మారవు. లెఫ్ట్ జాయిన్ (ఎడమ టేబుల్ వరసలన్నీ ఉంచి కుడి టేబుల్‌ను కలపడం) రాసి, కుడి టేబుల్ కాలమ్ మీద షరతును వేర్ (WHERE) భాగంలో పెడతారు. జత దొరకని వరసల్లో ఆ కాలమ్ నల్‌గా (విలువ లేకుండా) ఉంటుంది కాబట్టి అవి రాలిపోయి, అది జత దొరికిన వరసలే ఇచ్చే ఇన్నర్ జాయిన్‌లా పనిచేస్తుంది. ఆ షరతు జాయిన్ పక్కనుండే ఆన్ (ON) భాగంలో ఉండాలి. అట్లాగే జాబితాలో లేనివాటిని తెమ్మనే నాట్ ఇన్ (NOT IN) లోపలి జాబితాలో ఒక్క నల్ ఉన్నా ఒక్క వరస కూడా రాదు. ఈ రెండూ కారణంతో సహా చెప్పగలిగితే వీడికి పని తెలుసని అవతలివాడికి అర్థమవుతుంది. కొనుక్కొచ్చిన ఫైనలియర్ ప్రాజెక్టు గురించి ఎంత చెప్పినా ఆ నమ్మకం రాదు.

పెద్ద సర్వీసు కంపెనీల్లో మొదటి జల్లెడ ఆన్‌లైన్ పరీక్ష. టీసీఎస్ పెట్టే ఎన్‌క్యూటీ అనే పరీక్షలో స్కోరును బట్టి నింజా, డిజిటల్, ప్రైమ్ అని వేరువేరు మెట్లు. మామూలు మెట్టుకు ఏడాదికి 3 నుంచి 4 లక్షల మధ్య చెబుతారు. ఇంట్లోవాళ్లు దాన్ని పన్నెండుతో భాగించేస్తారు. కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, బీమా ఆ అంకెలోనే కలిపి ఉంటాయి కాబట్టి చేతికి వచ్చేది తక్కువ. బీసీఏ, బీఎస్సీ వాళ్లకు విప్రో విల్ప్ అనే పథకం ఉంది, ఉద్యోగం చేస్తుండగానే ఎంటెక్ చదివిస్తారు. చేరేముందు ఒప్పందం ఎన్నేళ్లో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో చదవాలి. అది మాత్రం ఎవరూ చదవరు.

మనవాళ్లకే వచ్చే చిక్కు ఇంకొకటి, ఇంటిపేరు. పదో తరగతి మెమోలో పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం, పాన్‌లో చివర. ఉద్యోగం వచ్చాక జరిగే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఈ తేడా దగ్గరే ఫైలు ఆగుతుంది. మెమోలో ఎట్లా ఉందో ఆధార్ అట్లా మార్చుకుని, తర్వాత పాన్, ఆ తర్వాత బ్యాంకు. ఈ వరస తప్పితే మళ్లీ మొదటికొస్తుంది.

రెజ్యూమే ఒక్క పేజీ, ఒకే కాలమ్, పీడీఎఫ్. రెండు కాలమ్‌ల రంగుల డిజైన్లను కంపెనీ సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి కలగాపులగంగా చదువుతుంది. తండ్రి పేరు, పుట్టిన తేదీ, సొంత సంతకంతో డిక్లరేషన్ అక్కర్లేదు.

సాయంత్రం ఒకమ్మాయి ఆఫర్ లెటర్ చూపించింది. మెయిల్ జీమెయిల్ నుంచి వచ్చింది, ల్యాప్‌టాప్ డిపాజిట్ అడిగారు. పైసా కట్టొద్దమ్మా, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యమని చెప్పాను. సక్రమమైన కంపెనీ ఏదీ ఉద్యోగానికి డబ్బు అడగదు. లేని అనుభవం సర్టిఫికెట్లు అమ్మే కన్సల్టెన్సీలూ అంతే. పీఎఫ్ ఖాతా చరిత్ర తీస్తే మోసం బయటపడుతుంది, చేరినాక కూడా తీసేస్తారు.

రేపు ల్యాబులో జాయిన్లు మళ్లీ చేయించాలి. పేర్లు తేడా ఉన్నవాళ్ల జాబితా విడిగా రాసిపెట్టాను, ఆధార్ కేంద్రానికి ముందు వాళ్లను పంపాలి.