రొయ్యల గుంట నీళ్లకు ఇంట్లో కట్టిన స్పెక్ట్రోఫొటోమీటర్: ఇప్పటిదాకా జరిగిన పని

నెల్లూరు జిల్లా ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల్లో నైట్రైట్ (రొయ్యలకు చేటు చేసే నత్రజని లవణం) చూడాలంటే అందరి చేతిలో ఉండేది కిట్టే. నీళ్లలో చుక్కలు వేసి, వచ్చిన గులాబీ రంగును కార్డు పక్కన పెట్టి ‘ఈ గడికీ ఆ గడికీ మధ్య’ అనుకోవడం. ఆ మధ్య ఎంతో అంకెలో తేల్చడానికే ఈ పెట్టె, అంటే ద్రావణం ఏ రంగు వెలుగును ఎంత మింగుతుందో కొలిచే స్పెక్ట్రోఫొటోమీటర్. పెట్టె కట్టడం, క్యాలిబ్రేషన్ పూర్తయ్యాయి. స్ట్రే లైట్ (దారి తప్పి కెమెరాలో పడే వెలుగు) చాలావరకు లొంగింది. నైట్రైట్ గ్రాఫు కూడా వచ్చింది. అతినీలలోహిత భాగం మాత్రం దీంతో కాదు, కారణం కింద ఉంది.

సూత్రం చిన్నదే. ఉత్త నీళ్లు (బ్లాంక్) పెట్టినప్పుడు వచ్చిన వెలుగును నమూనా పెట్టినప్పుడు వచ్చిన వెలుగుతో భాగించి, పది ఆధారంగా లాగరిథమ్ తీస్తే అబ్జార్బెన్స్. పదో వంతు వెలుగు బయటపడితే 1, నూరో వంతు అయితే 2. బీర్–లాంబర్ట్ నియమం ప్రకారం ఇది గాఢతకు, ద్రావణంలో వెలుగు నడిచిన దూరానికి అనులోమంగా పెరుగుతుంది. క్యువెట్ (నమూనా పోసే చిన్న పారదర్శక డబ్బీ) వెడల్పు 1 సెం.మీ. కాబట్టి మిగిలేది గాఢతే.

పెట్టె

వరస ఇది: దీపం, క్యువెట్, స్లిట్ (వెలుగు దూరే సన్నని సందు), గ్రేటింగ్ (వెలుగును రంగులుగా విడదీసే సన్నని గీతల పలక), కెమెరా. స్లిట్‌కు షేవింగ్ బ్లేడును రెండుగా విరిచి, పదును వైపులు ఎదురెదురుగా అతికించాం. మధ్యలో మామూలు ఏ4 కాగితం ముక్కను నిలబెట్టి, రెండు అంచులూ దానికి ఆనించి, జిగురు ఆరాక కాగితం లాగేస్తే సుమారు 0.1 మి.మీ. సందు వస్తుంది. అంచులు సమాంతరంగా లేకపోతే వర్ణపటం ఒక పక్క ప్రకాశంగా, ఇంకో పక్క మసకగా పడుతుంది.

గ్రేటింగ్‌కు ఖాళీ డీవీడీ-ఆర్. అంచున బ్లేడు దూర్చి రెండు పలకలుగా విడదీయాలి. వెండి పొర టేపుతో ఊడొస్తుంది, మిగిలిన ఊదా రంగు సర్జికల్ స్పిరిట్‌తో పోతుంది. గాళ్ల మధ్య దూరం 0.74 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరుకు 1,350 గీతలు. సీడీలో అది 1.6 మైక్రాన్లు, రంగులు అంతగా విడిపోవు. ముక్కను డిస్కు బయటి అంచు దగ్గరే కోయాలి, అక్కడ గీతల వంపు తక్కువ. గీతలు స్లిట్‌కు సమాంతరంగా ఉండాలి.

వెలుగు గ్రేటింగ్ మీద నిటారుగా పడితే 543 నానోమీటర్ల కిరణం (నైట్రైట్ రంగును చూసేది ఇక్కడే) 47 డిగ్రీల దగ్గర, 700ది 71 డిగ్రీల దగ్గర బయటికొస్తుంది. అంత పక్కకు కెమెరాను బిగించడం ఇబ్బంది. గ్రేటింగ్‌ను 30 డిగ్రీలు వంచితే 400 నుంచి 700 దాకా మొత్తం 2కీ 27 డిగ్రీలకీ మధ్య సర్దుకుంటుంది. స్లిట్ నుంచి గ్రేటింగ్‌కు 200 మి.మీ. ఉంచాం. స్లిట్ లెక్క ప్రకారం 0.3 నానోమీటర్ల తేడా కనబడాలి గానీ, డీవీడీ వంపు, లెన్సు ఫోకస్ కలిసి దాన్ని 2 దాకా తెస్తాయి. ఈ పనికి అది చాలు.

దీపం 12 వోల్టుల, 20 వాట్ల హాలోజన్. తెల్ల ఎల్‌ఈడీ చవక, వేడెక్కదు, 543 దగ్గర వెలుగుకు లోటు లేదు. కానీ 480 దగ్గర గుంట పడుతుంది, 420 కింద దాదాపు ఏమీ ఉండదు. నైట్రైట్ ఒక్కటే కొలిచేవాళ్లకు ఎల్‌ఈడీ సరిపోతుంది. హాలోజన్‌తో చిక్కు వోల్టేజీ. ఫిలమెంట్ వెలుగు వోల్టేజీకి సుమారు 3.4 ఘాతంలో మారుతుంది. వోల్టేజీ ఒక్క శాతం అటూ ఇటూ అయితే అబ్జార్బెన్స్‌లో 0.015 తప్పు వచ్చినట్టే. అందుకే రెగ్యులేటెడ్ సప్లై, పావుగంట వేడెక్కనివ్వడం, నమూనాకు ముందొకసారి, తర్వాతొకసారి బ్లాంక్ చూడడం. ఆ రెండు బ్లాంకులకూ 0.01 కంటే తేడా ఉంటే ఆ రీడింగు లెక్కలోకి రాదు. కొనే యంత్రాల్లో డబుల్ బీమ్ రకం ఈ బెడదకే పుట్టింది: వెలుగును రెండుగా చీల్చి బ్లాంక్‌నూ నమూనానూ పక్కపక్కనే చూస్తుంది.

కెమెరా, క్యాలిబ్రేషన్

రాస్ప్‌బెర్రీ పై కెమెరా రెండో వెర్షన్, రా ఫైలు మాత్రమే. జేపెగ్‌లో గామా (అంకెలను కంటికి నప్పేలా వంచే సర్దుబాటు) కలిసిపోతుంది, అప్పుడు రెట్టింపు వెలుగుకు రెట్టింపు అంకె రాదు. గెయిన్ 1, ఆటో ఎక్స్‌పోజర్, ఆటో వైట్ బ్యాలన్స్ రెండూ ఆఫ్. బ్లాంక్‌లో అత్యధిక పిక్సెల్ 1023లో 850 దాటకుండా ఎక్స్‌పోజర్ పెట్టాలి. దీపానికి అట్ట అడ్డం పెట్టి తీసిన డార్క్ ఫ్రేమ్‌ను ప్రతిసారీ తీసివేయాలి. ఈ సెన్సర్ పూర్తి చీకట్లో కూడా 64 చూపిస్తుంది. అది తీసేయకపోతే ముదురు ద్రావణాలన్నీ లేతగానే కనబడతాయి.

పిక్సెల్‌ను నానోమీటర్లలోకి మార్చడానికి పాత సీఎఫ్‌ఎల్ బల్బు చాలు. పాదరసం గీతలు 404.7, 435.8, 546.1, వాటికి తోడు యూరోపియం ఎరుపు గీత 611 దగ్గర. ఈ నాలుగింటికి రెండో డిగ్రీ సమీకరణం వేస్తే సరి. 546 పక్కనే 542 దగ్గర టెర్బియం గీత ఉంటుంది. ఆ రెండూ విడివిడిగా కనబడితే ఫోకస్ బాగుందని అర్థం. కలిసి ఒకే దిబ్బగా ఉంటే లెన్సు తిప్పుకోవాలి, లేదంటే 546ను 544 దగ్గర గుర్తించే ప్రమాదం ఉంది.

పర్మాంగనేట్ పరీక్ష

నైట్రైట్‌కు ముందు పొటాషియం పర్మాంగనేట్‌తో పెట్టెను పరీక్షించాం. ఆక్వా షాపులో దొరికే సరుకు శుద్ధి తెలియదు, ల్యాబ్ గ్రేడే కొనాలి. దీనికి 525, 545 దగ్గర జంట శిఖరాలుంటాయి. రెండూ విడిగా కనబడితే పెట్టె చూపు బాగున్నట్టే. 525 దగ్గర మోలార్ శోషణ గుణకం (లీటరుకు ఒక మోల్ ఉంటే 1 సెం.మీ.లో రావాల్సిన అబ్జార్బెన్స్) సుమారు 2,400.

లీటరు 0.1 మిల్లీమోలార్ ద్రావణానికి 0.0158 గ్రా. కావాలి, 0.01 గ్రా. చూపే నగల కాటా మీద అది తూచే మాటే లేదు. 1.58 గ్రా. తూచి లీటరు డిస్టిల్డ్ నీళ్లలో కరిగిస్తే 10 మిల్లీమోలార్, తూకంలో తప్పు సుమారు 0.6 శాతమే. అక్కణ్నుంచి పిపెట్‌తో పలచబరుస్తూ రావాలి. కుళాయి నీళ్లు, మురికి సీసా అయితే పర్మాంగనేట్ విరిగి గోధుమ రంగు మాంగనీస్ డయాక్సైడ్ పడుతుంది. క్యువెట్ మీది ఆ మరక విటమిన్ సి మాత్ర కరిగించిన నీళ్లతో పోతుంది.

0.1, 0.2, 0.4, 0.8 మిల్లీమోలార్లకు 0.24, 0.48, 0.96, 1.92 రావాలి. మొదట వచ్చినవి 0.24, 0.47, 0.93, 1.66. గీత పైకి పోయేకొద్దీ వంగిపోతోంది. ద్రావణం గుండా రాకుండా గోడలకు తగిలి కెమెరాలో పడే వెలుగు, అంటే స్ట్రే లైట్, ఒక్క శాతం ఉంటే కచ్చితంగా ఈ అంకెలే వస్తాయి. లేత ద్రావణంలో అది దాగి ఉంటుంది, ముదురు ద్రావణంలో అసలు వెలుగే అంత తక్కువ కాబట్టి అంతా తనే అవుతుంది.

దీన్ని నేరుగా కొలవచ్చు. 10 మిల్లీమోలార్ ద్రావణాన్నే క్యువెట్‌లో పోయండి. 525 దగ్గర దాన్ని దాటి వెలుగు రాదు. అయినా అక్కడ ఎంత కనబడితే అంతా స్ట్రే.

పెట్టె లోపల బ్లాక్‌బోర్డు పెయింట్ వేశాం, కొంత తగ్గింది. అసలు దొంగ గ్రేటింగ్ గుండా తిన్నగా దూసుకెళ్లే తెల్ల కిరణం. అది తగిలే చోట నల్ల మఖమల్ గుడ్డ పెట్టి, డీవీడీ ముక్క అంచులకు నల్ల టేపు వేసి, 500–560 మధ్య కెమెరా ఆకుపచ్చ పిక్సెళ్లు మాత్రమే తీసుకున్నాక 0.2 శాతానికి దిగింది. హాలోజన్‌లో ఎరుపు ఎక్కువ, ఆకుపచ్చ పిక్సెల్ దాన్ని చాలావరకు ఆపేస్తుంది. ఇప్పుడు 0.8 మిల్లీమోలార్‌కు 1.85. అయినా 1 దాటిన రీడింగును మేం నమ్మం, పలచబరిచి మళ్లీ చూస్తాం.

నైట్రైట్

4.93 గ్రా. సోడియం నైట్రైట్ లీటరులో కరిగిస్తే లీటరుకు 1,000 మి.గ్రా. నైట్రైట్-నైట్రోజన్. నూరు రెట్లు, మళ్లీ పది రెట్లు పలచబరిస్తే లీటరుకు 1 మి.గ్రా. స్టాండర్డులు 0.05, 0.1, 0.2.

నమూనా 50 మి.లీ. తీసుకుని సల్ఫనిలమైడ్ ద్రావణం (పది శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఒక శాతం) 1 మి.లీ. పోసి కలపాలి. 2 నుంచి 8 నిమిషాల లోపు 0.1 శాతం ఎన్‌ఈడీ (గులాబీ రంగు తెప్పించే రసాయనం) 1 మి.లీ. పోయాలి. పది నిమిషాల తర్వాత, రెండు గంటల లోపు 543 దగ్గర చూడాలి. మూడు స్టాండర్డులకూ దాదాపు 0.17, 0.34, 0.68 వస్తున్నాయి, తిన్నని గీత. ఎన్‌ఈడీ గోధుమ రంగుకు తిరిగితే పారబోయాలి.

గుంట నీళ్లతో మూడు జాగ్రత్తలు. పచ్చ నీళ్లలో నాచు వెలుగును చెదరగొట్టి ఉత్తుత్తి అబ్జార్బెన్స్ చూపిస్తుంది. వడగట్టాలి, పైగా అదే నీళ్లకు ఎన్‌ఈడీ వేయకుండా ఒక రీడింగు తీసి, అసలు దాంట్లోంచి తీసివేయాలి. ఐస్‌లో తెచ్చిన సీసాను చల్లగానే చూస్తే నెల్లూరు ఉక్కకు క్యువెట్ బయట చెమ్మ పడుతుంది, అబ్జార్బెన్స్ ఊరికే పెరుగుతుంది. గది వేడికి వచ్చాకే కొలవాలి. మూడోది లెక్కలో తేడా: కిట్టు కార్డు మీద అంకె నైట్రైట్‌దా, నైట్రైట్-నైట్రోజన్‌దా చూసుకోవాలి. మన అంకెను 3.28తో గుణిస్తేనే నైట్రైట్ వస్తుంది.

అతినీలలోహితం ఎందుకు కాదంటే

నైట్రేట్‌ను 220 నానోమీటర్ల దగ్గర ఏ రీయేజెంటూ లేకుండా చూసే పద్ధతి ఉంది. కానీ ఈ పెట్టెలో క్యువెట్ ప్లాస్టిక్, గ్రేటింగ్ పాలీకార్బొనేట్, కెమెరా లెన్సు, దాని ఫిల్టర్లు అన్నీ అక్కడ అపారదర్శకాలే. హాలోజన్‌లోనూ ఆ వెలుగు ఉండదు. అందుకే ల్యాబ్ యంత్రాల్లో డ్యుటీరియం దీపం, క్వార్ట్జ్ క్యువెట్, సిలికాన్ ఫొటోడయోడ్ లేదా ఫొటోమల్టిప్లయర్ ఉంటాయి. చాలావాటిలో 340–360 మధ్య డ్యుటీరియం నుంచి హాలోజన్‌కు దీపం మారుతుంది. ఆ చోట గ్రాఫులో చిన్న మెట్టు కనబడితే అది నమూనా గుణం కాదు, దీపం మార్పే. పైగా ఉప్పునీటి గుంటల్లో బ్రోమైడ్ కూడా 220 దగ్గర వెలుగును తింటుంది కాబట్టి, యంత్రం దొరికినా నైట్రేట్ అంకె అంత తేలిగ్గా రాదు.

తర్వాతి పని కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్, స్పాండ్స్ అనే రంగు వాడే పద్ధతి, 570 నానోమీటర్లు. ఇక్కడ ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ రంగు తగ్గుతుంది. ఫ్లోరైడ్ లేని నీళ్లే అన్నింటికంటే ముదురుగా ఉంటాయి. రెండు పెద్ద అంకెల మధ్య చిన్న తేడాను పట్టుకోవాలన్నమాట. 50 మి.లీ. నీళ్లకు 10 మి.లీ. రీయేజెంటు పడుతుంది. అది కాస్త అటూ ఇటూ అయినా ఫ్లోరైడ్ అంకె మారిపోతుంది కాబట్టి, కొలత జాడీ పక్కన పెట్టి పిపెట్‌తోనే పోయాలి.