గెయిన్ తగ్గించాక వినిపించిన రాక్

నా వృత్తి గిటార్ వాయించడం. స్టూడియోలో చార్ట్ (పాట స్వరాలు రాసిన కాగితం) ముందు పెడితే చదివి వాయిస్తాను, స్టేజీ మీద గాయకుడి శ్రుతి ఎంతంటే అంతకి మార్చుకుంటాను. ఈ పనిలో పాట ఎప్పుడూ ముక్కలుగానే చేతికొస్తుంది. పల్లవి వెనక ఎనిమిది బార్లు (తాళంలో ఆవర్తనం లాంటి కొలత), రెండో చరణం ముందు ఒక బిట్, అంతే, ప్యాకప్. అలా ఏళ్ళు గడిచేసరికి ఆల్బమ్ మొత్తం కూర్చుని వినే అలవాటే పోయింది. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ఈ ఏడాది మొదట్లో సరదాగా ఒక పని పెట్టుకున్నాను: ఒక రాక్ ఆల్బమ్ తీసుకోవడం, ఆపకుండా చివరిదాకా వినడం, అందులో ఒకే ఒక్క పార్ట్‌ని రికార్డులో ఉన్నట్టే వచ్చేదాకా సాధించడం. ఇది ఇప్పటిదాకా నడిచిన లాగ్.

పద్ధతి చెప్పేస్తాను, మిగతాదంతా దాని మీదే నడుస్తుంది. మొదటిసారి ఏమీ రాసుకోకుండా వింటాను. రెండోసారి ఈక్వలైజర్‌లో 250 హెర్ట్జ్ పైన ఉన్నదంతా కోసేసి బేస్ గిటార్, కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) మాత్రమే వింటాను. మూడోసారి హెడ్‌ఫోన్‌లో ఒక చెవి మూసేసి వింటాను. 60లు, 70ల రికార్డుల్లో గిటార్లని కుడి ఎడమలకి బాగా విడదీసేవారు కాబట్టి సగం పార్ట్‌లు ఈ ఒక్క చిట్కాతోనే దొరుకుతాయి. వేగం తగ్గించే యాప్‌లో 70 శాతం దగ్గర మొదలుపెడతాను. అంతకన్నా తగ్గిస్తే లయ విరిగిపోయి, అది ఎందుకు బాగుందో తెలియకుండా పోతుంది. వాల్యూమ్ గురించి ఒక్క మాట. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ సమయం సగం అని వృత్తి భద్రత లెక్క ఒకటుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. చెవులతో బతికేవాడు ఇది గోడ మీద రాసి పెట్టుకోవాలి.

ఫిబ్రవరి

ఏసీ/డీసీ 'బ్యాక్ ఇన్ బ్లాక్', 1980. గాయకుడు బాన్ స్కాట్ ఆ ఏడాది ఫిబ్రవరిలో చనిపోయాడు. కొన్ని వారాల్లోనే బ్రయన్ జాన్సన్‌ని తీసుకుని, బహామాస్‌లోని కంపాస్ పాయింట్ స్టూడియోలో రికార్డింగ్ మొదలుపెట్టారు. నిర్మాత మట్ లాంగ్. ఈ నేపథ్యం అందరికీ తెలిసిందే. నేను కూర్చున్నది మాత్రం మాల్కమ్ యంగ్ రిథమ్ గిటార్ కోసం. స్కూల్ యూనిఫాం వేసుకుని గంతులేసేది తమ్ముడు యాంగస్ కాబట్టి కళ్ళన్నీ అటే ఉంటాయి. బండి లాగేది మాత్రం వెనక నిలబడ్డ అన్న.

టైటిల్ పాట వేగం నిమిషానికి సుమారు 94 బీట్లు. రిఫ్‌లో (పాటలో తిరిగి తిరిగి వచ్చే గిటార్ ముక్క) E, D, A కార్డ్‌లు (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) తప్ప పెద్దగా ఏమీ లేదు. E ఒక్క దెబ్బ, ఆగడం, D మూడు దెబ్బలు, ఆగడం, A మూడు దెబ్బలు, ఆగడం. నేర్చుకునే కుర్రాళ్ళు కూడా మొదట్లోనే పట్టేసే రిఫ్ ఇది. అయితే వాయించింది రికార్డ్ చేసి, వేవ్‌ఫామ్ తెర మీద పెద్దది చేసి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఆ 'ఆగడం' ఉన్నచోట గీత చదునుగా ఉండాలి. డిస్టార్షన్ (గిటార్ శబ్దాన్ని కరుకుగా మార్చే ఎఫెక్ట్) ఎక్కువ పెడితే తీగల గుసగుస, పికప్ (తీగల కదలికని పట్టే అయస్కాంతం) హమ్, వేలు ఎత్తిన చప్పుడు అన్నీ ఆ ఖాళీలోకి దూరతాయి. మాల్కమ్ టోన్‌లో గెయిన్, అంటే ఆ డిస్టార్షన్ ఎంతో తేల్చే మీట, చాలా తక్కువ. ఒకే పికప్ మిగిల్చిన గ్రెచ్ గిటార్, లావు తీగలు, గట్టిగా పనిచేసే కుడి చెయ్యి. ఆ కరుకుదనం పెడల్‌ది (కాలితో నొక్కే ఎఫెక్ట్ పెట్టె) కాదు, దెబ్బది.

కాబట్టి నా వైపు మార్పులివి. ఆంప్ (యాంప్లిఫయర్) మీద గెయిన్ సగానికి కిందికి దించాను. తీగలు లావుపాటి 11ల సెట్‌కి (అన్నిటికన్నా సన్న తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) మార్చి, మూడో తీగ చుట్టతీగ వేశాను. మ్యూట్ చేయడానికి రెండు చేతులూ కలిసి పనిచేయాలి: ఎడమ చేతి వేళ్ళు తీగని వదలకుండా వత్తిడి మాత్రం సడలించాలి, అదే క్షణంలో కుడి అరచేతి అంచు బ్రిడ్జ్ (తీగలు ఆనే కింది కొస) దగ్గర వాలాలి. మెట్రోనోమ్‌ని (లయ కొట్టే యంత్రం) ఒక బార్ మోగి మూడు బార్లు మౌనంగా ఉండేలా పెట్టి, పాట మొత్తం నిడివి ఆ రిఫ్ ఒక్కటే వాయించాను. మెట్రోనోమ్ మోగని బార్లలో చెయ్యి ముందుకు పరిగెడుతుంది. ఎవరిదైనా అంతే. కాలితో కొట్టకుండా నోటితో ఎనిమిదో వంతులు (బీట్‌కి రెండు చొప్పున) అనుకుంటూ వాయిస్తే కుదురుకుంది. ఈ ఒక్క పనికి నెల పట్టింది. ఈలోపు జీతమిచ్చే పనుల్లో సౌండ్ ఇంజినీర్లు 'ఈ మధ్య నీ ట్రాక్ ఎడిట్ చేయాల్సిన పని ఉండట్లేదు' అనడం మొదలుపెట్టారు. అదే నాకొచ్చిన రివ్యూ.

మార్చి, ఏప్రిల్

లెడ్ జెప్పెలిన్ నాలుగో ఆల్బమ్, 1971. చివరి పాట 'వెన్ ద లెవీ బ్రేక్స్'. 1927 నాటి మిసిసిపీ వరదల మీద మెంఫిస్ మిన్నీ, కాన్సస్ జో మెకాయ్ 1929లో రికార్డ్ చేసిన బ్లూస్ పాటకి ఇది కొత్త రూపం. జాన్ బోనమ్ డ్రమ్స్ మొదటి బార్‌లోనే మనిషిని కూర్చోబెట్టేస్తాయి. ఇంగ్లండ్‌లో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవంతిలో మెట్ల హాల్ అడుగున డ్రమ్స్ పెట్టి, పైన రెండు బేయర్ ఎం160 మైకులు వేలాడదీశాడు ఇంజినీర్ ఆండీ జాన్స్. గట్టిగా కంప్రెస్ చేసి (పెద్ద, చిన్న శబ్దాల తేడా తగ్గించి), బిన్సన్ ఎకో యంత్రం తగిలించాడు. తర్వాత టేపు వేగం తగ్గించడంతో అంతా ఇంకా బరువెక్కింది.

దీనికి ఐదేళ్ళ ముందు, 1966లో బీటిల్స్ 'రివాల్వర్' రికార్డింగ్‌లో ఇంజినీర్ జెఫ్ ఎమరిక్ సరిగ్గా ఉల్టా చేశాడు. కిక్ డ్రమ్‌లో ఉన్ని స్వెటర్ కుక్కి, మైక్‌ని అంతకుముందు ఎవరూ పెట్టనంత దగ్గరికి జరిపాడు. ఈ రెండు ఆల్బమ్‌లూ ఒకే సాయంత్రం వరసగా వినమని చెబుతాను. ఒక చోట డ్రమ్ మన పక్కనే ఉంటుంది, ఇంకో చోట డ్రమ్ కన్నా గదే ఎక్కువ వినిపిస్తుంది. మైక్ దూరం కూడా ఒక వాయిద్యమే అని నాకు నమ్మకం కుదిరింది ఇక్కడే.

నాతో వాయించే డ్రమ్మర్‌ని బతిమాలి, ఒక ఖాళీ భవనం మెట్ల దగ్గర ప్రయత్నించాం. రెండు కండెన్సర్ మైకులు ఒక అంతస్తు పైన రెయిలింగ్‌కి కట్టాం, కిక్ దగ్గర ఏమీ పెట్టలేదు. నేర్చుకున్నవి ఇవీ. సింబల్స్ (డ్రమ్స్ పక్కన ఉండే లోహపు పళ్ళాలు) మెల్లగా కొట్టాలి, లేకపోతే గది నిండా అవే. వేగం తక్కువ ఉండాలి. నిమిషానికి 100 బీట్లు దాటితే ఒక దెబ్బ ప్రతిధ్వని తర్వాతి దెబ్బ మీద పడి ముద్దయిపోతుంది. ఎకో లెక్క కట్టడానికి 60,000ని వేగంతో భాగిస్తే ఒక బీట్ ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. 72 దగ్గర అది 833. అందులో సగం 417 పెట్టి చూస్తే కిక్ రెండింతలై వెనక్కి లాగుతూ వినిపించింది. బోనమ్ చెయ్యి మాత్రం ఏ పెడల్‌లోనూ దొరకదు.

మే

బ్లాక్ సబ్బత్ మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరిలో వచ్చింది. దాదాపు అంతా 1969 అక్టోబర్‌లో ఒక్క రోజులో రికార్డ్ చేశారు. టైటిల్ పాట రిఫ్ మూడు స్వరాలే. మన లెక్కలో చెప్పాలంటే సా, పై సా, ఆపైన కిందికి దిగి ప్రతిమధ్యమం. పంచమం మీద వాలాల్సిన చోట ఒక్క మెట్టు తక్కువలో ఆగిపోవడమే ఆ పాటలోని భయమంతా.

ఆ బ్యాండ్ గిటారిస్ట్ టోనీ ఐయోమికి 17 ఏళ్ళ వయసులో రేకుల ఫ్యాక్టరీలో కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి అవే తీగలు నొక్కే వేళ్ళు. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకున్నాడు, తీగలు పల్చనివి వేసుకున్నాడు. 1971లో 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'కి వచ్చేసరికి చాలా పాటల్లో శ్రుతిని మూడు స్వరస్థానాలు కిందికి దించాడు. తీగ వదులైతే వేళ్ళకి నొప్పి తక్కువ. ఆ తర్వాత ఒక తరం మొత్తం ఆ శ్రుతిని బరువు కోసం వాడుకుంది.

మీరు దించాలనుకుంటే ఒక సలహా. 10-46 సెట్‌తో (అన్నిటికన్నా సన్న, లావు తీగల మందాలు) అంత కిందికి వెళితే గట్టిగా మీటిన ప్రతిసారీ స్వరం పైకి ఎగిరి దిగుతుంది. నేను 12-54 వేశాను. అప్పుడు ట్రస్ రాడ్ (గిటార్ మెడ వంపుని పట్టి ఉంచే కడ్డీ) మళ్ళీ సరిచూసుకోవాలి, నట్ మీద తీగలు కూర్చునే గాట్లు కొంచెం వెడల్పు చేయాలి, ఇంటోనేషన్ (మెడ పొడవునా శ్రుతి తప్పకుండా చేసే సర్దుబాటు) మళ్ళీ పెట్టాలి. పని గిటార్‌ని దీనికి బలి ఇవ్వకుండా రెండో గిటార్ ఉంటే నయం.

జూన్

పింక్ ఫ్లాయిడ్ 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్', 1973, ఆబీ రోడ్ స్టూడియో. దీని గురించి కొత్తగా పొగడటానికి ఏం లేదు, 'మనీ' ఒక్కటే చూద్దాం. ఏడు బీట్ల బేస్ లైన్. నాణేలు, క్యాష్ రిజిస్టర్ శబ్దాలను టేపు మీద కొలిచి కోసి అతికించి లూప్ చేశారు. సాక్సఫోన్ సోలో ఏడులోనే నడుస్తుంది. డేవిడ్ గిల్మర్ గిటార్ సోలో రాగానే నాలుగుకి మారుతుంది. మిశ్రచాపు అలవాటున్నవాళ్ళకి ఆ ఏడు పెద్ద పరీక్ష కాదు, తిరిగి ఏడులోకి దిగే చోటే జాగ్రత్త పడాలి. నాకు ఇంతకన్నా నచ్చింది సోలో నడుమ భాగం. ఉన్నట్టుండి ఎకో, రివర్బ్ (గది ప్రతిధ్వని ఎఫెక్ట్) అన్నీ తీసేసి చిన్న పొడి గదిలోకి వచ్చినట్టు ఉంటుంది. తర్వాత అన్నీ తిరిగి వచ్చినప్పుడు అది రెండింతలు పెద్దదిగా తోస్తుంది. లైవ్‌లో ఇప్పుడు ఇదే వాడుతున్నాను: సోలో ఊపు పెంచాలంటే పెడల్ నొక్కడం కాదు, అంతకుముందు నాలుగు బార్లు ఒక పెడల్ ఆపడం.

రోలింగ్ స్టోన్స్ 'ఎక్సైల్ ఆన్ మెయిన్ స్ట్రీట్' (1972) కూడా ఈ నెలలోనే. దక్షిణ ఫ్రాన్స్‌లో ఒక బంగళా నేలమాళిగలో చాలావరకు రికార్డ్ అయింది, శబ్దం కూడా అలాగే మురికిగా ఉంటుంది. మొత్తం ఒక్క ఊపున వినడం నావల్ల కాలేదు. కానీ డ్రమ్మర్ చార్లీ వాట్స్ స్నేర్ (మధ్యలో ఉండే గట్టి చప్పుడు డ్రమ్) కొట్టేటప్పుడు హై-హ్యాట్ (జంట పళ్ళాలు) మీద నుంచి చెయ్యి ఎత్తేయడం ఒకసారి గమనిస్తే ఇక మరిచిపోలేరు.

ఆగస్టు

టెలివిజన్ బ్యాండ్ 'మార్కీ మూన్', 1977. నాకైతే ఈ ఏడాది అన్నిటికన్నా పెద్ద లాభం ఇదే. నిర్మాతల్లో ఒకడు మళ్ళీ ఆ ఆండీ జాన్సే, టామ్ వెర్లేన్‌తో కలిసి. డ్రమ్స్‌ని బోనమ్ తరహాలో భారీగా ఏర్పాటు చేయబోతే వెర్లేన్ వద్దని విప్పించాడు. వింటే ఎందుకో అర్థమవుతుంది. వెర్లేన్, రిచర్డ్ లాయిడ్ గిటార్లు రెండూ శుభ్రంగా, సన్నగా ఉంటాయి. కార్డ్‌ల గోడ కట్టరు. ఒకరు కథ చెబుతుంటే ఇంకొకరు ఊకొట్టినట్టు, ఒకరి స్వరాల సందులో మరొకరి స్వరాలు పడుతుంటాయి. పది నిమిషాల టైటిల్ పాటని ఒక్క టేక్‌లో తీసుకున్నారు. డ్రమ్మర్ బిల్లీ ఫికా అది రిహార్సల్ అనుకుని వాయించాడట.

ఒక చెవి మూసే చిట్కా ఇక్కడ బంగారం. ఒక వైపు పార్ట్ నేర్చుకుని లూపర్‌లో (వాయించింది పట్టి తిప్పి తిప్పి వినిపించే పెడల్) పెట్టి, రెండో వైపుది దాని మీద వాయించాలి. విడిగా రెండూ తేలికే. కలిపినప్పుడు మాత్రం పక్కవాడి స్వరం మన బీట్‌లా భ్రమ పెట్టి లాగేస్తుంది. నేను లూప్ వాల్యూమ్ బాగా తగ్గించి మొదలుపెట్టి, మెల్లగా పెంచుకుంటూ పోయాను. ఇంకో గిటారిస్ట్ ఉన్న బ్యాండ్‌లో పనిచేసే ఎవరైనా ఈ ఆల్బమ్ వినాలి. ఇద్దరూ ఒకే చోట ఒకే కార్డ్ బాదడం ఎంత దండగో తెలుస్తుంది.

దీని తర్వాత మెటాలికా 'డెత్ మ్యాగ్నెటిక్' (2008) వింటే చెవులు త్వరగా అలిసిపోయాయి. రిఫ్‌లు బాగున్నాయి, కానీ శబ్దస్థాయి ఎక్కడా దిగదు. అదే ఆల్బమ్ గిటార్ హీరో అనే వీడియో గేమ్‌లో తక్కువ కంప్రెషన్‌తో వచ్చింది. అభిమానులు రెండిటినీ పోల్చి గొడవ చేశారు, న్యాయమే. ఆ పక్కన నిర్వాణా 'ఇన్ యుటెరో' (1993) పెట్టి చూడండి. స్టీవ్ ఆల్బీని రికార్డ్ చేసినది. రాయల్టీ వద్దని, పనికి కూలి మాత్రమే తీసుకున్న మనిషి. పాట నెమ్మదించినప్పుడు నిజంగానే నెమ్మదిస్తుంది, అరుపు వచ్చినప్పుడు కుర్చీలో వెనక్కి జరుగుతాం. పోల్చేటప్పుడు రెండిటి వాల్యూమ్ సమానం చేసుకోండి. పెద్దగా వినిపించేదే బాగుందని చెవి ఎప్పుడూ అబద్ధం చెబుతుంది.

ప్రస్తుతం

కింగ్ క్రిమ్సన్ 'డిసిప్లిన్', 1981. ఇక్కడ ఇరుక్కున్నాను, ఆనందంగానే. 'ఫ్రేమ్ బై ఫ్రేమ్'లో గిటారిస్టులు రాబర్ట్ ఫ్రిప్, ఏడ్రియన్ బెల్యూ ఒకే తరహా స్వరమాలతో కలిసి మొదలవుతారు, తర్వాత ఒకరిది ఏడు స్వరాల చక్రం (7/8), మరొకరిది పదమూడు స్వరాలది (13/8). అంటే పద్నాలుగు స్వరాలకి ఒకరు ఒక స్వరం తక్కువ వాయిస్తూ మెల్లగా జారిపోతుంటారు. చేతికన్నా ముందు నోటికి పట్టించాను. ఏడుకి 'తకిట తకదిమి', పదమూడుకి దాని వెనకే 'తకిట తకిట'. లూపర్‌లో ఏడు తిరుగుతుంటే నోటితో పదమూడు అంటూ నిలబడగలుగుతున్నాను. గిటార్ మీద మాత్రం రికార్డు వేగంలో 60 శాతం దాటితే రెండు వేళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. వరసగా ఒకే దిశలో పిక్ కొట్టడం మానేసి, పైకీ కిందికీ మార్చి మార్చి కొట్టే పద్ధతికి ఫింగరింగ్ మొత్తం తిరిగి రాస్తున్నాను.

తర్వాత వరసలో ఉన్నది రష్ బ్యాండ్ 'మూవింగ్ పిక్చర్స్', అదీ 1981దే. అందులో 'వై వై జెడ్' పాట మొదలయ్యేదే టొరంటో విమానాశ్రయం కోడ్‌ని మోర్స్‌లో కొట్టిన లయతో, ఐదు బీట్లలో. దానికి లూపర్ అక్కర్లేదు, డ్రమ్మర్‌ని మళ్ళీ బతిమాలుకోవాలి.