కూర్మారావు అని రాయించొద్దంటున్నాడు

"బోర్డు ఫారంలో కూర్మారావు అని రాయించకు నాన్నా, కార్తీక్ అని రాయించు" అన్నాడు మావాడు. కార్తీక్ అన్నది వాళ్లమ్మ ఇంట్లో పిలుచుకునే పేరు. కూర్మారావు మా నాన్నగారిది. క్లాసులో తాబేలు అని ఏడిపిస్తున్నారట. కుదరదని గట్టిగానే చెప్పాను.

శ్రీకాకుళం వైపు ఈ పేరు వింటే ఎవరూ తల తిప్పి చూడరు. శ్రీకూర్మంలో విష్ణువుకి కూర్మరూపంలోనే పూజలు, అందుకే ఇంటింటా కూర్మారావులు, కూర్మయ్యలు. అరసవల్లి సూర్యదేవుడి పేరున సూర్యనారాయణలు, సింహాద్రి అప్పన్న పేరున అప్పన్నలు, అప్పలనర్సమ్మలు, విజయనగరం పైడితల్లి పేరున పైడిరాజులు. పేరు చెబితే చాలు, ఆ ఇంటివాళ్ల మొక్కు ఎక్కడో తెలిసిపోతుంది. ఇచ్ఛాపురం దాటి ముప్పై కిలోమీటర్లు కూడా రాని, మేముండే ఒడిశా బరంపురంలో అదే పేరు వింటే తెలిసేది ఒక్కటే, తెలుగువాడని.

"మీ క్లాసులో జగన్నాథ్ లేడా? అదీ దేవుడి పేరే కదా" అన్నాను.

"వాడి దేవుడు ఇక్కడ అందరికీ తెలుసు నాన్నా."

దానికి నా దగ్గర జవాబు లేదు.

ఈ ఊరు 1936 వరకూ మద్రాసు ప్రెసిడెన్సీలోదే. రాష్ట్రపతిగా చేసిన వి.వి.గిరిగారు 1894లో పుట్టింది ఇక్కడే. వరాహగిరి అన్న ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుకు పోయి, దేశానికి ఆయన గిరిగారయ్యారు. ఇక్కడేమో ఇంటిపేరు చివర రాయాలి. మన పేర్ల చివర ఉండేది రావు. దాంతో ఏ సంబంధమూ లేని అప్పారావు, సుబ్బారావు, కూర్మారావు ఒకే ఇంటివాళ్లలా కనబడతారు. ఆఫీసులో నన్నూ రావుబాబు అనే పిలుస్తారు, పలుకుతాను. నా పేరును తుంచి పిలిస్తే ఏనాడూ బాధపడని నేను, మావాడి పేరు దగ్గర మాత్రం ఎందుకింత పట్టుబడుతున్నానో ఆలోచిస్తే, అది వాడి కోసం కాదేమో అనిపిస్తుంది. పోయిన మనిషిని రోజూ నోరారా పిలుచుకోవాలన్న ఆశ నాది. మోయాల్సింది వాడు.

వాడి వాదన ఇంకొకటి ఉంది. "స్టేషన్ బోర్డు మీద బ్రహ్మపుర్, యూనివర్సిటీకి బెర్హంపూర్, మనింట్లో బరంపురం. ఊరికే మూడు పేర్లున్నాయి. ఊరు మారిపోయిందా?"

ఇక్కడ స్థిరపడిన మనవాళ్లెవరైనా బిడ్డకి పేరు పెడుతుంటే నేను చెప్పేది ఒకటే. ముందు ఆ పేరు ఒడియా అక్షరాల్లో రాయించి, పక్కింటివాళ్ల చేత బయటికి చదివించండి. మన 'వ' వాళ్ల నోట 'బ' అవుతుంది, విజయ బిజయ అయిపోతుంది. బడిలో ఆ పిల్లను పిలిచేది అలాగే. అది మీకు సమ్మతమైతేనే పెట్టండి.

కానీ ఈ సలహా చెప్పిన ప్రతిసారీ భయమేస్తుంది. రెండువైపులా ఇబ్బంది లేని పేర్లే ఏరుకుంటూ పోతే, మా మనవల కాలానికి ఈ ఊళ్లో ఒక్క అప్పన్నా, ఒక్క పైడిరాజూ మిగలరు. వద్దు, ఉండాలి అని పట్టుబడితే, పద్నాలుగేళ్ల పిల్లాడు రోజూ తలొంచుకుని బడికి వెళ్తాడు.

పెద్దయ్యాక కొందరు పిల్లలు తాతగారి పేరు మళ్లీ తామే పెట్టుకుంటారని విన్నాను. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే అడిగి చెప్పండి, ఏ వయసులో, ఎందుకు అనిపించిందో. అంతవరకూ ఆగగలనో లేదో నాకే తెలియడం లేదు.