బొరియ లేని చోటికి బల్లిని తీసుకెళ్లి ఏం లాభం?

ఒక నేలను చదును చేయబోయే ముందు అక్కడి తాబేళ్లను, బల్లులను, పాములను పట్టి వేరే చోట వదిలిపెట్టామని చెప్పే ప్రకటనల్లో, ఎన్నింటిని పట్టారన్న లెక్కే తప్ప ఏడాది తిరిగేసరికి ఎన్ని బతికి ఉన్నాయన్న లెక్క అరుదుగా కనిపించడం నన్ను ఎంతో బాధిస్తుంది. తరలింపు వద్దని నేను అనను. పట్టి వదలడంతో పని పూర్తయిందనుకోవడాన్నే ఒప్పుకోలేను.

ఒంటికి కావలసిన వేడిని బయటి నుంచి తెచ్చుకోవలసిన జీవి కనుక, పొద్దున ఏ రాతి మీద ముందుగా ఎండ పడుతుందో, ఎండ ముదిరితే ఎక్కడ దూరాలో, చలికాలం ఎక్కడ గడపాలో సరీసృపానికి తెలిసి ఉండాలి. తెలియని చోట వదిలితే అది పాత తావును వెతుక్కుంటూ బయలుదేరుతుంది. అమెరికాలో టింబర్ రాటిల్‌స్నేక్ పాములను తరలించి రేడియో పరికరాలతో గమనించినప్పుడు, అవి స్థానిక పాముల కంటే చాలా ఎక్కువ దూరం తిరిగాయని, ఎక్కువగా చనిపోయాయని తేలింది.

ఫ్లోరిడాలోని గోఫర్ తాబేలు తవ్వే పొడవాటి బొరియల్లో 350కి పైగా ఇతర జాతులు తలదాచుకుంటాయి. కట్టడాల కోసం ఈ తాబేళ్లను బొరియల్లోనే పూడ్చేయడానికి 2007 వరకు అక్కడ అనుమతులు ఇచ్చేవారు. ఇప్పుడు తరలించడం తప్పనిసరి. కొత్త చోట వాటిని కొన్ని నెలల పాటు కంచె లోపల ఉంచి, ఆ తరువాత కంచె తీసేస్తే అక్కడే స్థిరపడే అవకాశం బాగా పెరుగుతుంది. ఖర్చు, ఓపిక రెండూ కావాలి, నిజమే. కానీ ఆ నెలలే తరలింపులో అసలు పని అని నా నమ్మకం.

దక్షిణ ఆస్ట్రేలియా పచ్చిక మైదానాల్లోని పిగ్మీ బ్లూటంగ్ బల్లి సంగతి మరీ ఆలోచింపజేస్తుంది. అంతరించిపోయిందనుకున్న ఈ జాతి 1992లో చనిపోయిన ఒక పాము కడుపులో దొరికింది. ఇది సొంతంగా బొరియ తవ్వుకోదు. సాలీళ్లు తవ్వి వదిలేసిన సన్నని నిలువు బొరియలో చేరి, తల మాత్రం బయట పెట్టి, దగ్గరికి వచ్చిన మిడతను చటుక్కున అందుకుంటుంది. నాగలి పడితే ఆ బొరియలన్నీ పోతాయి. అందుకే పరిశోధకులు సరిగ్గా ఆ వెడల్పుతో కృత్రిమ బొరియలు తయారుచేసి నేలలో దించారు, బల్లులు వాటిలో కాపురం పెట్టాయి కూడా.

పెర్త్ దగ్గరి వెస్ట్రన్ స్వాంప్ తాబేలు విషయంలో ఇంకొక అడుగు ముందుకు వేశారు. అక్కడ వానలు తగ్గి చిత్తడి నేలలు తొందరగా ఎండిపోతున్నందున, రాబోయే దశాబ్దాల్లో నీరు నిలిచే చోట్లను లెక్కగట్టి, 2016లో కొన్ని పిల్ల తాబేళ్లను దక్షిణాన చల్లని ప్రాంతంలో వదిలారు.

కనుక నేల చదును చేయడానికి అనుమతి ఇచ్చేటప్పుడే, వదలబోయే చోట బొరియలు, ఆహారం, నీరు ఉన్నాయా, అక్కడ ఇప్పటికే ఉన్న జీవులకు కొత్తవాటి నుంచి రోగాలు సోకకుండా పరీక్షలు చేశారా, వదిలాక ఎన్నేళ్లు ఎవరు గమనిస్తారు, అందుకు డబ్బు ఎవరు పెడతారు అన్నవన్నీ కాగితం మీద రాయించుకోవాలి. వీటికి జవాబు లేనంతవరకు ఆ నేల మీదికి యంత్రం వెళ్లకూడదు.